డెబ్బై రోజుల మందు

రోజు 1

అచ్చుపెట్టెలో ఏది రాసినా ఆ క్షణమే వైద్యకేంద్రానికి వెళ్ళిపోతుంది. అందుకని ఇది కాగితం మీద రాస్తున్నాను.

పొద్దున్నే నూకరత్నం నా మందులగదికి వచ్చింది. నీళ్ళ మధ్య ఉన్న మా పదమూడో గట్టు మీద వలలు బాగుచేసే ఆడవాళ్ళలో ఆమెది అందరికన్నా వేగమైన చెయ్యి. ముప్పై మూడేళ్ళు. భర్త ఎర్రయ్య రొయ్యల మళ్ళకు కాపలా. తొమ్మిదేళ్ళ కూతురు అప్పలకొండ. నూకరత్నం కుడిచేతి చివరి రెండు వేళ్ళూ కాలి బొబ్బలెక్కి ఉన్నాయి.

"ఎప్పుడు కాలింది?" అని అడిగాను.

"తెల్దండి. కుండ దించినాక మాడిన వాసనేసింది. కుండలో సేపేమో అనుకున్నాను. సూస్తే నా సెయ్యే."

నవ్వుతూ చెప్పింది. కళ్ళు మూసుకోమని దూదిపోగుతో ఆ వేళ్ళ మీద రాశాను. అరచెయ్యి మీద రాశాను. ఎక్కడ తగిలిందో చెప్పమంటే, "ఇంకా మొదలెట్టనేదాండి?" అంది. మోచేతి వెనక నరం తాడులా లావుగా తగిలింది. వీపు మీద రాగిరంగు మచ్చలు ఆరు. దూది వాటి మీదా తెలియలేదు.

పెద్దరోగం. నేను పుట్టాక ఎవరికీ రాగా చూడలేదు. నాకు పని నేర్పిన ఇమ్మానుయేలుగారు కుర్రతనంలో ఆఖరి రోగులకు మందిచ్చినవారు. ఆయన నా చేత ఆ నరం ఎక్కడుంటుందో వందసార్లు తడిమించారు. ఎప్పుడూ అవసరం రాదనే అనుకుంటూ తడిమేదాన్ని.

అచ్చుపెట్టె ముందు కూర్చుని కుష్ఠు అని కొట్టాను. జబ్బు పేరు కొడితే పెట్టె తనే మందు అచ్చువేసి ఇవ్వాలి. "ఈ పేరుతో వ్యాధి లేదు. అక్షరాలు సరిచూసుకోండి" అని వచ్చింది. మళ్ళీ కొట్టాను. మళ్ళీ అదే.

కేంద్రంలో మా గట్లన్నిటికీ ఒకే డాక్టరు, చక్రపాణిగారు. రేడియోలో ఆయనకు చెప్పాను.

"సలోమిగారూ, ఆ రోగం పోయిందని నలభై ఏళ్ళ కిందటే సంతకాలైపోయాయి. ఇప్పుడు నేను ఉందని రాస్తే మందు రాదు. గట్టు మూసేస్తారు. ముందు బియ్యం పడవ ఆపుతారు. మీ దగ్గర ఎంతమంది?"

"నాలుగొందల పన్నెండు."

"మరి మీరు నాకేం చెప్పలేదు. మీకు తెలిసిన వైద్యం చెయ్యండి. ఏదైనా అనుమానం వస్తే మాత్రం అడగండి."

రోజు 3

మందులు మూడు కావాలి. ఒక్క మందే ఇస్తే క్రిములు దానికి అలవాటుపడి తప్పించుకుంటాయి. మూడిటినుంచీ ఒకేసారి తప్పించుకోవడం వాటివల్ల కాదు.

రిఫాంపిసిన్‌ని క్షయ పేరు చెప్పి అచ్చువేయించాను. డాప్సోన్‌ని ఒంటి మీద నీటిబొబ్బలొచ్చే ఇంకేదో జబ్బు పేరు చెప్పి. మూడోది క్లోఫాజిమిన్. దాన్ని పెట్టె ఏ జబ్బుకీ ఇవ్వదు. ఇమ్మానుయేలుగారి బీరువా అడుగున, మూత చుట్టూ మైనం పోసిన డబ్బాలో దొరికింది. మింగే ముదురెరుపు గొట్టాలు, ఆరువందల పద్దెనిమిది. ఒకటి చిదిమితే నా వేళ్ళు సాయంత్రం దాకా ఎర్రగానే ఉన్నాయి. మందు ఇంకా బాగానే ఉన్నట్టు లెక్క.

నూకరత్నాన్ని కూర్చోబెట్టి చెప్పాను. "ఇది నెలకోసారి, నా ముందే మింగాలి. ఈ తెల్లది రోజూ. ఈ ఎర్రది కూడా రోజూ, అన్నం తిన్నాకే. ఎర్రది అసలు బట్టలకు వేసే రంగు లాంటిది. ఒంట్లో కొవ్వులో దూరి అక్కడే కాపురం పెడుతుంది. నీ ఒళ్ళు ఎర్రబడి తర్వాత నల్లబడుతుంది. భయపడకు."

"ఎన్నాళ్ళకి పోద్దండి ఆ నలుపు?"

"మందు ఆపినా సగం పోవడానికే డెబ్బై రోజులు. మిగతాదాంట్లో సగానికి మళ్ళీ డెబ్బై."

"బాగానే పట్టుకుంటాదే" అంది.

"ఈ డబ్బా ఒక్కరికి సరిపోతుంది, నూకరత్నం. ఇంకెక్కడా దొరకదు. ఒక్కటి కూడా పారేసుకోకు."

రోజు 11

ఎర్రయ్య ఆమెను చేతుల మీద మోసుకొచ్చాడు. పెదాలు నీలం. కళ్ళు పసుపు. గుమ్మం ఎక్కేంత ఊపిరి లేదు. మూత్రం కాచిన డికాషన్‌లా ఉందని చెప్పాడు.

డాప్సోన్. పుట్టుకతోనే కొందరి రక్తంలో ఏదో ఒక రక్షణ తక్కువుంటుంది. అలాంటివాళ్ళలో ఈ మందు రక్తకణాలను పగలగొడుతుంది. ఇచ్చేముందు చూడడానికి నా దగ్గర పరీక్ష లేదు. అడగడానికి ఆమె తల్లి బతికి లేదు. తెల్లబిళ్ళలన్నీ తీసేసుకున్నాను.

ఇక మిగిలినవి రెండు. నెలకోసారి వేసే రిఫాంపిసిన్ ఒక్కరోజు గట్టిగా కొట్టి వెళ్ళిపోతుంది. మిగతా ఇరవై ఏడు రోజులూ కాపలా కాసేది ఎర్రగొట్టం ఒక్కటే.

రోజు 31

తేరుకుంది. రెండో నెల రిఫాంపిసిన్ నా ముందే మింగింది. మూత్రం నారింజరంగులో పోతుందని ముందే చెప్పాను. "మీ దగ్గరికొచ్చినకాడ్నించీ నాలో అన్నీ రంగులేనండి" అంది. నేనూ నవ్వాను. ఎర్రగొట్టాలు ఇరవై ఎనిమిది లెక్కపెట్టి సంచిలో పోసిచ్చాను.

రోజు 74

ముఖం, చేతులు తుప్పురంగుకు తిరిగాయి. చర్మం చేప పొలుసులా పొడిబారింది. కొబ్బరినూనె ఇచ్చాను. వీపు మీద రెండు మచ్చలు పలచబడ్డాయి. మందు పనిచేస్తోంది.

వలల పాకలో ఆడవాళ్ళు ఆమెకు దూరంగా జరిగి కూర్చుంటున్నారట. రోగం పేరు ఎవరికీ తెలియదు. రంగు చూసే జరిగారు.

రోజు 107

ఈసారి కొబ్బరినూనె తీసుకుని వెంటనే వెళ్ళలేదు. కొంగు అంచు వేలికి చుట్టుకుంటూ నిలబడింది.

"ఈ ఎర్ర గొట్టాలు ఇంకో డబ్బా ఎక్కడన్నా దొరుకుద్దాండి?"

"లేదని చెప్పాను కదా. ఎందుకు?"

"పోతే ఎలాగా అని."

"పోకుండా చూసుకో."

తలూపి వెళ్ళింది. ఎర్రయ్య కాపలా గుడిసెలోకి మకాం మార్చాడని గుమ్మం దిగుతూ చెప్పింది. అతన్ని తప్పుపట్టినట్టు అనిపించలేదు. పిల్ల తన దగ్గరే ఉందట.

రోజు 140

ఇప్పుడు పూర్తిగా నల్లబడింది. కనుగుడ్ల చుట్టూ కూడా గోధుమరంగు. గొట్టాలు సరిగా వేసుకుంటున్నావా అని అడగడం మానేశాను. ఒళ్ళే చెబుతోంది. పెట్టెలో దొంగపేర్లతో మందులు అచ్చువేస్తూ బతుకుతున్న నాకు, అబద్ధం చెప్పలేని ఆ రంగును చూస్తే ధైర్యంగా ఉంది.

రోజు 198

బాగాలేదు. చెవి తమ్మెలు లావెక్కాయి. నుదుటి మీద, బుగ్గల మీద గడ్డలు లేచాయి. కుడిచేతి చిటికెన వేలు మడతపడి చాపితే రావడం లేదు. ఒళ్ళు వెచ్చగా ఉంది.

చచ్చిన క్రిముల మీద ఒళ్ళు తిరగబడితే గడ్డలు, జ్వరం వస్తాయని ఇమ్మానుయేలుగారి నోట్సులో ఉంది. డాక్టరుగారూ అదే అన్నారు. "ఆ తిరుగుబాటును అణచడానికీ ఎర్రమందే పనికొస్తుంది. రోజుకు ఒకటి కాదు, మూడు ఇవ్వండి. కొన్ని వారాలు. వేసుకుంటోందా మరి?"

"బొగ్గులా ఉంది డాక్టరుగారూ."

"అయితే మూడివ్వండి."

లెక్క వేసుకున్నాను. డబ్బాలో చాలినన్ని ఉన్నాయి. రోజుకు మూడు వేసుకోమని నూకరత్నానికి చెప్పాను. ఏదో అడగబోయి ఆగింది. "మూడేస్తే తొందరగా తగ్గుద్దాండి?" అంది.

"తగ్గుతుంది" అన్నాను.

రోజు 226

తగ్గలేదు. చెవి తమ్మె గిల్లి, వచ్చిన తేమను గాజుముక్క మీద రాసి, రంగువేసి సూక్ష్మదర్శినిలో చూశాను. ఇన్ని నెలల మందు తర్వాత క్రిములు ముక్కలుముక్కలుగా కనపడాలి. నాకు కనపడినవి నిండు పుల్లలు. కట్టలు కట్టలుగా. బతికున్నవి.

"మందు వేసుకుంటున్నావా?" అని అడిగాను.

చెయ్యి చాపి నా బల్ల మీద పెట్టింది. "సూడండి అమ్మగారూ నా ఒళ్ళు."

చూశాను. నల్లగా ఉంది. ఇంకేమీ అడగలేదు.

డాక్టరుగారు రేడియోలో గొంతు తగ్గించారు. "అయితే క్రిములు మందుకు అలవాటుపడ్డాయి. ముందు రిఫాంపిసిన్ పోయుంటుంది." నెలకు ఒకే ఒక్క దెబ్బ, మధ్యలో కాపలా లేకపోతే అంతే అవుతుంది. కానీ కాపలా ఉంది కదా అనుకున్నాను. రాత్రింబవళ్ళు ఆమె ఒంటి మీదే కనపడుతోంది కదా.

రోజు 247

వేలి పుండుకు కట్టు మార్చుకోవడానికి నిన్న రాలేదు. మధ్యాహ్నం నేనే వాళ్ళింటికి వెళ్ళాను. వెళ్తున్నట్టు కబురు పెట్టలేదు.

నూకరత్నం బయట లేదు. లోపల చాప మీద అప్పలకొండ పక్కకు తిరిగి, మోకాళ్ళు పొట్టలోకి ముడుచుకుని పడుకుని ఉంది. చొక్కా చేతులు మణికట్టు దాకా ఉన్నాయి. ఈ ఎండల్లో. పిల్ల మొహం మసిపూసినట్టుంది. ముట్టుకుంటే మసి కాదు. కంటి రెప్ప కింద, గోళ్ళ చుట్టూ, పెదాల మీద అదే రంగు.

నీళ్ళబిందెతో నూకరత్నం వచ్చింది. నన్ను చూసి బిందె దించకుండా అలాగే నిలబడిపోయింది.

"ఎప్పట్నించి?" అన్నాను.

"మీకాడ ఇంకో డబ్బా ఉందా అనడిగిన కాడ్నించండి. దానికి ఆ ముందర్రోజు తానం సేయిస్తంటే నడుంకాడ మచ్చ కనపడింది. గిల్లితే తెల్దంది."

"మరి నువ్వు?"

"నానేసుకోనేదు."

"ఒక్కటి కూడా?"

"మీ ముందర మింగేది మింగినాను. ఇంటికిచ్చినవన్నీ దానికే."

గడప మీద కూర్చున్నాను. నూట నలభై రోజులు. ఆమె ఒంటి మీద నేను చూసి మురిసిన నలుపంతా మొదటి నూరు రోజుల్లో పట్టినదే. మొదటి డెబ్బై రోజులకు సగం, తర్వాతి డెబ్బైకి అందులో సగం. రోజూ చూసే కంటికి ఆ తగ్గుదల తెలియలేదు. డెబ్బై రోజుల మాట ఆమెకు చెప్పినదాన్ని నేనే.

"నాకు చెప్పొచ్చు కదా నూకరత్నం."

"డబ్బా ఒక్కరికే సరిపోద్దని మీరే అన్నారు గదండీ. సెప్తే ఎవరికని అడుగుతారు. మీరు నాకే ఇత్తానంటారు, నాది ముదిరింది గాబట్టి. నాకు తెల్దా?"

నేను ఏమనేదాన్నో నాకు తెలియదు. ఏడాదికి ఒక మనిషికి నాలుగొందలు చాలు. నా దగ్గర ఆరువందల పద్దెనిమిది ఉన్నాయి. తిప్పలుపడితే ఇద్దరికీ సర్దగలిగేదాన్నేమో. జాగ్రత్తగా ఉంటుందని ఒక్కరికే అన్నాను.

పిల్ల నడుము మీది మచ్చ చూశాను. ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. దూదిపోగు తగలగానే అప్పలకొండ, "గిలిగా ఉంది" అంది. రోగం పోతోంది. ఆ తల్లి వైద్యం పారింది.

"మరి ఈ పొట్ట నొప్పి?"

"పది రోజుల్నించండి. తిన్నది నిలవదు. నాచుకూర పడనేదేమో అనుకున్నాను."

"రోజుకు మూడు వేసుకోమన్నాను చూడు, అవి?"

"మూడూ దానికే. తొందరగా తగ్గుద్దన్నారు గదండీ."

రోజు 248

పిల్లను మందులగదికి తెచ్చి నా మంచం మీద పడుకోబెట్టాను. పొట్ట బిగిసి ఉంది. బరువు ఇరవై కిలోలు.

డాక్టరుగారికి అంతా చెప్పాను. ఆయనకి అర్థం కావడానికి ఎక్కువసేపు పట్టలేదు. కొవ్వులో చోటు చాలనప్పుడు ఆ మందు పేగు గోడలో ఎర్రని పలుకులుగా పేరుకుంటుందట. పేగు గట్టిపడి కదలడం మానేస్తుంది. పెద్దవాళ్ళకు నెలలు పడుతుంది. ఇరవై కిలోల పిల్లకు, నలభై తొమ్మిది రోజులు, రోజుకు మూడు.

"ఆపేయండి" అన్నారు.

"నిన్ననే ఆపాను. ఎన్నాళ్ళకు బయటికి పోతుంది?"

అడిగాక గుర్తొచ్చింది, సగానికే డెబ్బై రోజులు. నాకు తెలిసిందే కదా.

"విరుగుడు?"

"లేదు సలోమిగారూ. పేగు తెరిచి, చెడిన ముక్క తీసేయడానికి సర్జన్ కావాలి. పడవ పంపమంటే జబ్బు పేరు అడుగుతారు."

"పేరు చెప్పండి."

"గట్టు మూసేస్తారు."

"చెప్పండి. నేను కూడా పెట్టెలో రాస్తున్నాను. ఇద్దరు రోగులు, వాళ్ళ పేర్లతో. దొంగపేర్లతో మందు తీసింది నేనని కూడా."

రాశాను. వ్యాధి లేదని పెట్టె అంది. మొత్తం మళ్ళీ రాశాను.

రోజు 252

పడవ వచ్చింది. గట్టుకు రెండు తాళ్ళ దూరంలో ఆగి, రోగం ఉన్న చోటని చెప్పే పసుపుజెండా ఎత్తింది. మైకులో ఒక మగగొంతు పదమూడో గట్టు నుంచి ఎవరూ నీళ్ళ మీదికి రాకూడదని చదివింది. బియ్యం గురించి తర్వాత చెబుతారట. సర్జన్ కావాలని నేను గట్టంచున నిలబడి అరిచాను. తెల్లబట్ట ఊపాను. ఆ గొంతు మొదటినుంచీ మళ్ళీ చదివింది.

సాయంత్రానికి నా తలుపు నిండా బురద కొట్టారు. వాళ్ళను అనడానికి లేదు. వాళ్ళ పిల్లలు కూడా తినాలి.

ఎర్రయ్య వచ్చాడు. ఐదు నెలలుగా కూతుర్ని దూరం నుంచే చూస్తున్నాడట. మొహం కాస్త నల్లబడితే ఎండకనుకున్నాడు. మంచం దగ్గరికి వచ్చి, ముట్టుకోవచ్చా అన్నట్టు నా వైపు చూశాడు. ముట్టుకోమన్నాను. పిల్ల అరికాలు పట్టుకుని కూర్చున్నాడు.

"అయ్యా, రొయ్యలు పట్టినారా?" అంది అప్పలకొండ.

"పట్టినామమ్మా."

"పెద్దవా?"

"నీ సెయ్యంత."

తన చెయ్యి ఎత్తి చూసుకుంది. తర్వాత వాంతి అయింది. ఎర్రగా ఉంది. అది నెత్తురో మందో నాకు తెలియలేదు.

రోజు 255

తెల్లవారి ఎండ గదిలోకి వచ్చాక పోయింది. నొప్పికి ఇచ్చినది పనిచేసి ఆఖరి గంట మూలగలేదు. నూకరత్నం తల పిల్ల తల పక్కన పెట్టుకుని ఉంది. పోయిందని ఆమెకు నాకన్నా ముందే తెలిసింది.

తర్వాత నన్ను అడిగింది. "మందెయ్యకపోతే, సెయ్యి మొద్దుబారినా బతికేది గదండీ?"

అబద్ధం చెప్పాలనుకున్నాను. నిజమే చెప్పాను. "బతికేది" అన్నాను.

"ఏలు పోయినా?"

"బతికేది, నూకరత్నం."

తలూపింది. నెల నెలా మందు తీసుకుంటూ ఊపినట్టే ఊపింది.

మిగిలిన గొట్టాలు ఆమెను ఈ రోజునుంచైనా వేసుకోమన్నాను. ఇప్పుడు వాటికి తోడు పనిచేసే మందేదీ నా దగ్గర లేదని కూడా చెప్పాను. సంచి తీసుకోలేదు.

రోజు 256

గట్టు మీద పూడ్చే నేల లేదు. ఇక్కడ పోయినవాళ్ళను వలలో చుట్టి, రాళ్ళు కట్టి, పోటు వెనక్కి తీసేటప్పుడు నీళ్ళలో వదులుతారు. పిల్లలకు పాతవల వాడరు. కొత్తది అల్లుతారు. నీళ్ళ మీదికి రావద్దన్నారు కాబట్టి గట్టంచునే వదలమని పెద్దలు ఒప్పుకున్నారు. ఎవరూ దగ్గరికి రాలేదు.

నూకరత్నం నా వరండాలో కూర్చుని నూలు ముందేసుకుంది. వల అల్లే సూది కుడిచేతిలో పెట్టుకుంటే జారిపోయింది. ఎడమచేతికి మార్చుకుంది. ఆ వేళ్ళు కూడా మూసుకోవడం లేదు. నేను తీసుకోబోతే, "మీకు రాదండి" అంది. నాకు నిజంగానే రాదు.

ఎర్రయ్య వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. సూది అడగకుండా తీసుకున్నాడు. అతను వలలు వేసేవాడు, కాపలా కాసేవాడు. అల్లింది ఎప్పుడూ ఆమే. ముళ్ళు వదులుగా పడ్డాయి. వల కన్ను ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. నూకరత్నం చూస్తూ కూర్చుంది. మధ్యలో రెండుసార్లు, "కిందనించి తియ్యి" అంది. అతను కిందనుంచి తీశాడు.

ఎండ నడినెత్తికి వచ్చేసరికి వల అయింది. పిల్లను నేను చుట్టాను. ఎర్రయ్య రాళ్ళు కట్టి ఆఖరి ముడి వేశాడు. నూకరత్నం వంగి ఆ ముడిని పళ్ళతో పట్టుకుని లాగింది. వదిలిపోయింది. నూలు నోట్లోనే ఉంచుకుని అతని వైపు చూసింది.

"మళ్ళీ ఎయ్యి" అంది.

అతను మళ్ళీ వేశాడు.